అలిపిరిలో ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే: కారుకి ఏ టచ్ స్క్రీన్ వేయించాలి?

అలిపిరి చెక్‌పోస్టులో కారు ఆపి, అందరం దిగి, బ్యాగులు స్కానింగుకి పెట్టి, మళ్లీ ఎక్కి స్టార్ట్ చేశాక మా బావ కారులో స్క్రీన్ మీద లోగో తిరగడం మొదలవుతుంది. ఘాట్ రోడ్డు మొదటి మలుపు వచ్చినా తిరుగుతూనే ఉంటుంది. పాట రాదు, మ్యాప్ రాదు, టైమెంతయిందో కూడా చూపించదు. నా కారులో అయితే తాళం తిప్పిన ఏడెనిమిది సెకన్లకి పాట ఆగిన చోటు నుంచే అందుకుంటుంది.

బావది తొమ్మిదంగుళాల స్క్రీన్. నాది ఏడంగుళాలు కూడా నిండా ఉండదు. బావకి అయింది తొమ్మిది వేలు, నాకు ఇరవై నాలుగు వేలు. ఇద్దరం ఒకే నెలలో వేయించుకున్నాం. ఆ నెలంతా మా ఇంట్లో డబ్బు లెక్క తెలియని పిచ్చోణ్ణి నేనే.

ఇప్పుడు ఎవరైనా "స్టీరియో మార్చాలి, ఏది తీసుకోమంటావు?" అని అడిగితే బ్రాండు పేరు కన్నా ముందు ఒక సంగతి చెబుతున్నాను. కార్ డెకార్ షాపులో ఒకే గోడకి వరసగా వెలుగుతున్నా అవి రెండు వేర్వేరు సరుకులు. ఒకదానికి సొంత బుర్ర ఉంటుంది. ఇంకోదానికి మీ ఫోనే బుర్ర.

సొంత బుర్ర ఉన్నది అంటే నిజానికి ఒక ట్యాబ్లెట్. లోపల ప్రాసెసర్, ర్యామ్, ఆండ్రాయిడ్ అన్నీ ఉంటాయి. యూట్యూబ్ వేసుకోవచ్చు, ప్లేస్టోర్ నుంచి యాప్‌లు దించుకోవచ్చు. మెకానిక్‌లు దీన్నే ఆండ్రాయిడ్ సిస్టమ్ అంటారు. రెండో రకంలో ఇవేవీ ఉండవు. రేడియో, బ్లూటూత్, పెన్ డ్రైవ్, కెమెరా, అంతే. ఫోన్ తగిలిస్తే ఐఫోన్ వాళ్లకి కార్‌ప్లే, మిగతావాళ్లకి ఆండ్రాయిడ్ ఆటో తెర మీదికి వస్తుంది. మ్యాప్, పాటలు, కాల్స్ అన్నీ ఫోన్లోనే నడుస్తాయి. స్క్రీన్ చూపిస్తుంది, మీ వేలు ఎక్కడ తగిలిందో ఫోనుకి చెబుతుంది. కార్‌ప్లే 2014లో, ఆండ్రాయిడ్ ఆటో 2015లో కార్లలోకి వచ్చాయి.

పేర్లలో ఉన్న తికమకతోనే చాలామంది మోసపోతున్నారు. నేను రేణిగుంట రోడ్డులో ఒక షాపుకి వెళ్లి "ఆండ్రాయిడ్ ఆటో ఉండాదా అన్నా?" అంటే ఆయన నవ్వి, "ఆటో ఏంది నా, ఫుల్ ఆండ్రాయిడే ఉండాది!" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, నేను అడిగింది ఆయన ఇవ్వబోయింది కాదు, అంతే. ఇప్పుడు వచ్చే ఆండ్రాయిడ్ సిస్టముల్లో కూడా జెడ్‌లింక్ లాంటి యాప్ పెట్టి, ఫోన్ కలిపితే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే వచ్చేలా చేస్తున్నారు. కొన్నింటిలో బాగానే నడుస్తుంది, కొన్నింటిలో వారానికోసారి అలుగుతుంది. షాపులో మీ ఫోనే తగిలించి చూడండి. షాపువాళ్ల ఫోన్ ఎప్పుడో కలిపి పెట్టి ఉంటుంది, దాన్ని నమ్మొద్దు.

పెట్టె మీద రాసింది, పెట్టెలో ఉన్నది

తక్కువ రేటు ఆండ్రాయిడ్ సిస్టముల మీద రాసే అంకెలు చూస్తే మన ఫోన్లు సిగ్గుపడాలి. 8 జీబీ ర్యామ్, 128 జీబీ మెమరీ, ఆండ్రాయిడ్ 13, ధర తొమ్మిది వేలు! సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూసినా అదే కనిపిస్తుంది. ఎందుకంటే ఆ సెట్టింగ్స్ పేజీలో ఏం కనిపించాలో రాసేది కూడా తయారు చేసినవాళ్లే.

నిజం తెలుసుకోవడానికి సీపీయూ-జెడ్ అనే ఉచిత యాప్ ఉంది. షాపతన్ని అడిగి హాట్‌స్పాట్ ఇచ్చి దించుకోండి, రెండు నిమిషాల పని. అందులో ఏపీఐ లెవెల్ అని ఒక వరస ఉంటుంది. ఆండ్రాయిడ్ 13కి ఆ అంకె 33 ఉండాలి. 29 అని ఉంటే అది ఆండ్రాయిడ్ 10, పైన 13 అని స్టిక్కరు మార్చారంతే. బావ సిస్టంలో 29 వచ్చింది. తర్వాత ప్రాసెసర్ చూడండి. నాలుగు కోర్‌లు, కార్టెక్స్ ఏ7 అని ఉంటే అది 2011 నాటి డిజైను. దాని మీద మ్యాప్, పాట, కెమెరా మూడూ ఒకేసారి నడిపితే ఊపిరాడదు. ఈ సరుకులో ఎక్కువమంది మెచ్చుకునేది యూఐఎస్ 7862 అనే చిప్. అందులో రెండు ఏ75 కోర్‌లు, ఆరు ఏ55 కోర్‌లు ఉంటాయి. రేటు పెరుగుతుంది, కానీ తేడా వేలికి తెలుస్తుంది.

యాప్ దించనివ్వకపోతే ఇంకో పరీక్ష. మ్యాప్ తెరిచి, వెనక పాట నడుస్తుండగా రివర్స్ కెమెరా వేయించండి. కెమెరా బొమ్మ వెంటనే రావాలి. తర్వాత కరెంటు పూర్తిగా తీయించి మళ్లీ ఇప్పించి, సెల్లులో స్టాప్‌వాచ్ పట్టుకోండి. పొద్దున ఇంట్లోంచి కారు వెనక్కి తీసేటప్పుడు కెమెరా కావాలి, స్టార్ట్ చేసిన వెంటనే కావాలి. లోగో తిరుగుతుంటే మెడ తిప్పి చూసుకోవాల్సిందే. దానికైతే పాత స్టీరియో సరిపోయేది.

బావ కారు లోగో కథ

ఇంత ఆలస్యం నిజానికి ఆ సిస్టం తప్పు మాత్రమే కాదు, వైరింగ్ తప్పు కూడా. దీని వెనక ఒక లెక్క ఉంది.

స్టీరియోకి రెండు కరెంటు వైర్లు వస్తాయి. పసుపు వైరు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది, ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ఎర్ర వైరుకి తాళం తిప్పితేనే వస్తుంది. తాళం తీసేశాక ఆండ్రాయిడ్ సిస్టం పూర్తిగా చావదు, పసుపు వైరు మీద నిద్రపోతుంది. అందుకే పది నిమిషాలు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే వెంటనే లేస్తుంది. మంచి సిస్టం నిద్రలో తాగే కరెంటు పది మిల్లీయాంపులకి అటూఇటూ. చవక సరుకుకి గాఢనిద్ర పట్టదు.

బావ బెంగళూరులో ఉద్యోగం, కారు తిరుపతి ఇంట్లోనే ఉంటుంది. రెండు వారాలకోసారి వస్తాడు. సిస్టం వేయించాక రెండోసారి వచ్చేసరికి కారు 'కిక్ కిక్' అని ఆగిపోయింది. కరెంటు కొలిచే మీటరు పెట్టి చూస్తే తాళం తీసిన అరగంట తర్వాత కూడా 150 మిల్లీయాంపులు లాగుతోంది. రోజుకి 3.6 యాంపియర్ అవర్లు. చిన్న కార్లలో బ్యాటరీ 35 యాంపియర్ అవర్లు. అంటే పది రోజుల్లో మొత్తం ఖాళీ, కారు స్టార్ట్ కాకుండా మొరాయించడానికి వారం చాలు.

ఫిట్టింగు చేసిన కుర్రాడు దానికో వైద్యం చేశాడు. పసుపు వైరు కోసి ఎర్ర వైరుకే కలిపేశాడు. బ్యాటరీ సమస్య పోయింది. కానీ తాళం తీసిన ప్రతిసారీ సిస్టం పూర్తిగా చచ్చి మళ్లీ పుడుతుంది. గడియారం పోతుంది, రేడియో స్టేషన్లు పోతాయి, ఈక్వలైజర్ పోతుంది. అలిపిరిలో లోగో తిరిగేది అందుకే.

కారు రోజూ తిప్పేవాళ్లకి బ్యాటరీ ఇలా ఖాళీ కావడం ఏమంత సమస్య కాదు. బెంగళూరులో, చెన్నైలో ఉంటూ కారు ఊళ్లో పెట్టి వెళ్లేవాళ్లు మాత్రం ఏ సిస్టం వేయించినా ఫిట్టింగు రోజే మీటరు పెట్టించుకోండి. తలుపులన్నీ మూసి అరగంట ఆగాక చూడాలి, వెంటనే చూస్తే ఇంకా మేలుకునే ఉంటుంది.

ఫోన్ మీద నడిచేదానికీ లోపాలున్నాయి

నాది ఈ రకం కాబట్టి పొగుడుకుంటున్నాను అనుకోవద్దు. ఫోన్ ఇంట్లో మర్చిపోతే నా ఇరవై నాలుగు వేల స్క్రీన్ ఉత్త రేడియో. దానిలో యూట్యూబ్ చూపించదు. వైరుతో కలిపేదైతే వైరు ఖర్మ మీద ఆధారపడి ఉంటుంది. నాకు మొదటి నెలలో మాటిమాటికీ తెగిపోతుంటే స్క్రీన్ పోయిందనుకుని తిట్టుకున్నాను. చివరికి చూస్తే తప్పు సెల్ షాపులో కొన్న రెండు మీటర్ల ఛార్జింగ్ వైరుది. మీటరు లోపు మంచి డేటా వైరు వేశాక ఇంతవరకూ ఆగలేదు.

వైర్‌లెస్ ఉన్న మోడల్‌కి ఇంకో నాలుగైదు వేలు ఎక్కువ అడుగుతారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ మే నెలలో, బయట 42 డిగ్రీల ఎండలో, ఫోన్ వైఫై మీద స్క్రీన్‌తో మాట్లాడుతూ, జీపీఎస్ నడుపుతూ, పక్కనే ఛార్జింగు కూడా అవుతుంటే చేత్తో పట్టుకోలేనంత వేడెక్కుతుంది. వేడెక్కిన ఫోన్ ముందు ఛార్జింగు ఆపేస్తుంది, తర్వాత మ్యాప్ నత్తలా నడుస్తుంది. నేనైతే వైరే మేలంటాను. ఆ నాలుగైదు వేలు ముందు తలుపుల్లో స్పీకర్లకి పెట్టండి.

దీనిలో నాకు నచ్చినది ఒక్కటే, ముసలిదైపోదు. మ్యాప్ కొత్తదైతే ఫోన్లో కొత్తదవుతుంది, స్క్రీన్‌కి దానితో పని లేదు. మూడేళ్లకి ఫోన్ మారిస్తే స్క్రీన్‌కీ కొత్త బుర్ర వచ్చినట్టే. ఆండ్రాయిడ్ సిస్టం బుర్ర మాత్రం కొన్న రోజు ఎంతో అంతే. దానికి అప్‌డేట్ వస్తుందని ఎవరైనా అంటే మొహం వైపు ఒకసారి చూడండి.

ఇంటర్నెట్ సంగతీ ఇంతే. ఆండ్రాయిడ్ సిస్టంకి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాలి, లేదా సిమ్ వేసే మోడల్ కొని నెల నెలా రీఛార్జ్ చేయాలి. అటు భాకరాపేట ఘాట్‌లో, ఇటు మొగిలి ఘాట్‌లో సిగ్నల్ పోతే ఎవరి స్క్రీన్ అయినా ఒకటే. బయల్దేరే ముందు మ్యాప్‌లో చిత్తూరు, తిరుపతి జిల్లాల ప్రాంతాన్ని ఆఫ్‌లైన్ కోసం దించి పెట్టుకోండి.

మరి ఆండ్రాయిడ్ సిస్టం ఎవరికి? యాత్రికుల్ని తిప్పే టాక్సీ అన్నలకి పనికొస్తుంది. తమ ఫోన్ కాల్స్‌తో ఎప్పుడూ బిజీ కాబట్టి మ్యాప్ వేరే తెర మీద ఉండాలి. ఒకే కారుని ఇంట్లో నలుగురు నడిపే చోట కూడా మేలే, ఎవరి ఫోనూ తగిలించే పని లేదు. నాలుగు వైపులా కెమెరాలు పెట్టించుకోవాలన్నా ఆ రకమే కొనాలి. వీళ్లు కొంటే మాత్రం 7862 చిప్ ఉన్నది, ఇంజను ఆపాక లెక్కగా నిద్రపోయేది కొనాలి. తొమ్మిది వేలకి అది రాదు. నేను అడిగిన షాపుల్లో పదిహేను వేల నుంచి ఇరవై వేల మధ్యలో చెప్పారు. సోనీ, పయొనీర్, కెన్‌వుడ్, జేవీసీ లాంటి కంపెనీల ఫోన్-స్క్రీన్లు ఇరవై వేల చుట్టుపక్కల మొదలై ముప్పై దాటుతున్నాయి.

ఎండ, వెలుతురు

షాపులో ఏ స్క్రీన్ అయినా అందంగానే ఉంటుంది, నీడలో ఉంది కాబట్టి. నాకు అసలు పరీక్ష చిత్తూరు నుంచి తిరుపతి వచ్చే దారిలో సాయంత్రం అయిదున్నరకి జరిగింది. ఆ దారిలో కారు ముఖం ఈశాన్యం వైపు, సూర్యుడు వీపు వెనక. వెనక అద్దంలోంచి వెలుగు నేరుగా వచ్చి స్క్రీన్ మీద పడుతుంది. బావ కారులో ఆ టైముకి తొమ్మిదంగుళాల అద్దంలో మా ఇద్దరి మొహాలు, వెనక సీటు, నా చొక్కా చారలు స్పష్టంగా కనబడుతున్నాయి. మ్యాప్ ఒక్కటే కనబడలేదు. అద్దంలా మెరిసే స్క్రీన్‌తో వచ్చే తంటా ఇది. మెరుపు తక్కువున్న గరుకు పూత స్క్రీన్ చూడ్డానికి నీరసంగా ఉంటుంది కానీ ఎండలో చదవొచ్చు. కొనేముందు సిస్టంని వైరుతో సహా షాపు బయటికి తెప్పించి చూడండి. విసుక్కుంటారు, ఫర్వాలేదు.

అలాగే ఎదురుగా నిలబడి కాకుండా కుడి పక్క నుంచి చూడండి. డ్రైవరు దాన్ని చూసేది ఎప్పుడూ పక్క నుంచే. ఐపీఎస్ ప్యానెల్ అయితే పక్క నుంచి కూడా రంగు మారదు. చవక ప్యానెల్ అయితే తెలుపు బూడిద అవుతుంది, నలుపు వెలిసిపోతుంది.

ఎండలో నిలబెట్టిన కారు లోపల బయటికన్నా ఇరవై డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. స్టేషన్ దగ్గర రోజంతా ఎండలో ఉన్న కారు ఊహించుకోండి. స్క్రీన్ కన్నా ముందు దాని చుట్టూ ఉండే ప్లాస్టిక్ ఫ్రేమ్ పాడవుతుంది. తొమ్మిదంగుళాల వాటికి కారు మోడల్‌కి తగిన ఫ్రేమ్ విడిగా వస్తుంది. అది పలచగా ఉంటే రెండు వేసవుల్లో వంకరపోయి, గతుకు పడినప్పుడల్లా కటకటమంటుంది. నా పాత వ్యాగనార్‌లో (చిత్తూరు జిల్లా విడిపోయినా నంబరు ప్లేటు ఇంకా ఏపీ 03 గానే ఉన్న కారు) డబుల్ డిన్ ఫ్రేమ్‌లో కూర్చునేది వేశాను. 180 మిల్లీమీటర్ల వెడల్పు, 100 ఎత్తు. ఆ కొలత అన్ని కంపెనీలదీ ఒకటే కాబట్టి రేపు మార్చినా ఇబ్బంది లేదు. పైగా నాదానికి వాల్యూమ్ తిప్పే గుండీ ఉంది. ఘాట్ రోడ్డు మలుపులో స్క్రీన్ మీద గీత వెతుక్కుంటూ సౌండ్ తగ్గించే పని నాకొద్దు. గుండీ లేని స్క్రీన్, అదెంత అందమైనదైనా, నేను కొనను.

ఏసీ కంట్రోల్స్ కూడా స్క్రీన్‌లోనే ఉన్న కొత్త కార్లకి ఈ జోలికే పోవద్దు. ఉన్న స్క్రీన్ అలాగే ఉంచి, దానికి వైరుతో ఆండ్రాయిడ్ ఆటో వస్తుంటే, వైర్‌లెస్ చేసే చిన్న అడాప్టర్ పెట్టుకుంటే చాలు. రోజూ పది కిలోమీటర్లు ఆఫీసుకి తిరిగేవాళ్లకి పాత బ్లూటూత్ స్టీరియో, ఒక గట్టి ఫోన్ హోల్డర్ సరిపోతాయి. ఆ మాట షాపువాళ్లు చెప్పరు.

సౌండ్ గురించి ఒక్క మాట

ప్రతి పెట్టె మీద '50 వాట్స్ × 4' అని ఉంటుంది. ఇంజను నడిచేటప్పుడు కారులో ఉండేది 14.4 వోల్టులు. మామూలు నాలుగు ఓమ్‌ల స్పీకరుకి ఆ వోల్టేజీతో శుభ్రంగా ఇవ్వగలిగేది లెక్క ప్రకారం 26 వాట్లే. నిజంగా వచ్చేది అంతకన్నా కాస్త తక్కువ. కాబట్టి 60 వాట్లు, 80 వాట్లు అని రాసినదానికి ఎక్కువ డబ్బు పెట్టొద్దు. ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే వాట్లు, ఎంత అని అడగండి. రేపు ఆంప్లిఫయర్ పెట్టే ఆలోచన ఉంటే దానికి సౌండ్ పంపే ఆర్‌సీఏ పిన్నులు వెనక ఎన్ని జతలున్నాయో చూడండి.

రేడియో వినేవాళ్లు, అంటే పొద్దున ఆకాశవాణి తిరుపతి పెట్టుకునే నాలాంటివాళ్లు, సిస్టం మార్చాక ఎఫ్‌ఎం గరగరమంటే స్టీరియోని తిట్టే ముందు ఒకటి చూడాలి. కొన్ని కార్ల యాంటెన్నాలో చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది. దానికి కరెంటు ఇచ్చే వైరు కలపకపోతే స్టేషన్లు దొరకవు. ఫిట్టింగు చేసేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే.

ఎక్కడ వేయించాలి

తిరుపతి వాళ్లు చెన్నై జీపీ రోడ్డుకి, చిత్తూరు, పలమనేరు వైపు వాళ్లు బెంగళూరు జేసీ రోడ్డుకి వెళ్లడం పాత అలవాటే. అక్కడ రకాలు ఎక్కువ, రేటు కూడా రెండు మూడు వేలు తేడా వస్తుంది. కానీ మూడు నెలలకి టచ్ పనిచేయకపోతే? కారు వేసుకుని మళ్లీ అంతదూరం పోవాలి. డీజిల్, టోల్, ఒక సెలవు కలిపితే మిగిలిన మూడు వేలూ అక్కడే పోయె. నేను ఇక్కడే కొన్నాను. కొనేముందు అడిగింది ఒకటే: "పాడైతే మీరే తీసుకుంటారా, నన్ను సర్వీస్ సెంటరుకి పొమ్మంటారా?" సీరియల్ నంబరు రాసిన బిల్లు అడిగి తీసుకున్నాను. బావ దగ్గరున్నది విజిటింగ్ కార్డు వెనక పెన్నుతో రాసిన అంకె.

ఫిట్టింగుకి ఒక గంట అక్కడే నిలబడండి. బావ కారుకి చేసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. కుర్రాడు డాష్‌బోర్డు ప్యానెల్ ఊడదీసి, కంపెనీ స్టీరియో వెనకున్న తెల్ల కప్లర్‌ని, అంటే వైర్లన్నీ కలిసే ప్లగ్గుని, చేతిలోకి తీసుకుని, చూసి, కట్టరుతో టక్కున కోసేశాడు. పదిహేను వైర్లు గాల్లో వేలాడాయి. పళ్లతో తొడుగు పీకి ఒక్కోటి మెలిపెట్టి, నల్ల టేపు చుట్టాడు. ఎండకి ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది, ఆ తర్వాత వైర్లు ఒకదానికొకటి తగులుతాయి. దీనికి మందు చాలా చవక. కారు మోడల్‌కి తగిన కప్లర్ మూడు నాలుగు వందలకి దొరుకుతుంది. ఒకవైపు కారుకి, ఇంకోవైపు సిస్టంకి గుచ్చుతారు, ఒక్క వైరు కూడా కోయక్కర్లేదు. రేపు కారు అమ్మేటప్పుడు పాత స్టీరియో మళ్లీ పెట్టేసుకోవచ్చు. కారు ఇంకా వారంటీలో ఉంటే వైరు కోసిన చోటు చూపించి ఎలక్ట్రికల్ పని మాది కాదనే అవకాశం సర్వీసు వాళ్లకి ఇవ్వొద్దు.

స్టీరింగ్ మీద బటన్లుంటే అవి కొత్త సిస్టంతో పనిచేస్తాయా అని డబ్బు ఇవ్వకముందే అడగండి. పాత కార్లలో రెండు వైర్లు కలిపి, ఏ బటన్ దేనికో సిస్టంకి నేర్పిస్తే సరిపోతుంది. కొన్ని కొత్త కార్లకి కారు సిగ్నళ్లని సిస్టంకి అర్థమయ్యేలా మార్చే క్యాన్ డీకోడర్ అనే చిన్న పెట్టె కావాలి, అది లేకుండా 'పనిచేస్తాయిలే సార్' అంటే నమ్మొద్దు. రివర్స్ కెమెరా కొనేటప్పుడు అది ఏహెచ్‌డీనా (బొమ్మ ఎక్కువ స్పష్టంగా వచ్చే రకం), మామూలుదా, సిస్టం దేన్ని తీసుకుంటుందో కలిపి చూసుకోండి. లేకపోతే వెనక్కి గేరు వేయగానే నల్ల తెర కనిపిస్తుంది. మైకు కూడా చూడండి, కాల్ చేసి ఇంట్లోవాళ్లని అడగండి ఎలా వినబడుతోందో. విడిగా వచ్చే మైకుని అద్దం పక్క స్తంభానికి పెట్టిస్తే మాట శుభ్రంగా పోతుంది.

పోయిన నెల బావతో అన్నాను, పసుపు వైరు సరిచేయించి, నాలాంటి ఫోన్ స్క్రీన్ ఒకటి వేయించుకోమని. నా కారులో ఒక రోజు తిరిగి చూశాడు, మ్యాప్ బాగుందన్నాడు, గుండీ తిప్పి చూసి నవ్వాడు. వెనక సీట్లోంచి పెద్దమ్మాయి అడిగింది, "దీంట్లో యూట్యూబ్ వస్తుందా మామా?" రాదన్నాను. "అయితే మనదే మంచిది నాన్నా" అంది. వైరు ఒక్కటే సరిచేయించుకున్నాడు.